లిఖిత బడి మానేసింది

హిందూపురం, 30-1-2022

చెల్లీ వనజా, నీ కూతురికి జ్వరం పూర్తిగా తగ్గింది, దిగులుపడకు.

మా అత్త పోయిన సంగతి ఫోన్లో చెప్పాను. మిగతాది అందులో చెబితే లిఖిత వింటుందని కార్డు రాస్తున్నాను. బెంగళూరులో బళ్ళు మూసేశారని నువ్వు దాన్ని మా దగ్గరికి పంపావు కదా. ఇక్కడా మూయాలా వద్దా అని బడిలో మీటింగు పెడితే చాలామంది మూయమనే అన్నారు. మా అత్తే లేచి, "రెండేండ్ల నుంచి పిల్లోళ్లు అచ్చరాలే మర్చిపోయినారు. తెరిచే ఉండల్లప్పా" అని గట్టిగా చెప్పింది. బడి తెరిచే ఉంచారు, లిఖితనూ పంపాం. నాలుగు రోజులకు లిఖితకు దగ్గు, జ్వరం వచ్చాయి, మర్నాడే అత్తకూ జ్వరం. పిల్ల లేచి తిరిగింది. ఆమె లేవలేదు.

మూడో దినం నాడు చుట్టాల్లో ఎవరో, "బడి నుంచే వచ్చినాది ఈ రోగం" అన్నారు. లిఖిత విన్నది. అప్పటినుంచి బడికి పోవడం లేదు. నిన్న నా పక్కన కూర్చుని, "పెద్దమ్మా, నేను ఈడికి రాకుంటే అవ్వ ఉండేది కదా?" అని అడిగింది. కాదన్నాను. కానీ ఆ మాట నా నోట కాస్త ఆలస్యంగా వచ్చింది. అది గమనించింది.

మరిదికి కరోనా తగ్గిందా? నువ్వు రెండో సూది వేయించుకున్నావా? లిఖిత స్వెట్టరు ఎవరైనా వస్తుంటే పంపు. మీరిద్దరూ చల్లగా ఉండాలి.

దాని తప్పేమీ లేదని నీ చేత్తో దానికొక కార్డు రాయి. నేను చెబితే ఇక నమ్మదు.

మీ అక్క,
సరళ