అలిగి పోను ఒక ఇల్లు

కుప్పం

యశోదత్తకు మమత నమస్కారాలు.

ఫోన్ చేస్తే మామ స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చుంటాడు. అందుకే ఈ ఉత్తరం.

పెద్దమండ్యంలో వానకు పడిపోయిన మన ఇంటిని మళ్లీ కడుతున్నా అత్తా! దొరికిన పాత సామాన్లతోనే శిల్పంగా చేస్తున్నా. మన వంటింటి పెంకులు, తలుపు చెక్కలు, దారిలో దొరికిన టమోటా పెట్టెలు, అన్నీ చేర్చాను. వచ్చే నెల మదనపల్లెలో ప్రదర్శన. అవ్వ సామాన్లేమన్నా ఉంటే పంపు.

నీ మేనకోడలు,
మమత

తా.క.: పగిలినవైతే ఇంకా మంచిది.

పుంగనూరు

బంగారుతల్లి మమతకు అత్త దీవెనలు.

'మన ఇంటిని మళ్లీ కడుతున్నా' అనే కాడికి సదివి ఏడిస్తిని. తక్కింది కండ్లకు ఆనలేదు. అమ్మా నాయనా పోయిరి, మీ నాయనా పాయ, ఇల్లూ పడిపాయ. మీ మామకు అదే అలుసు. వెనకట ఒక మాటంటే మూట సర్దుకోని పెద్దమండ్యం బస్సెక్కేదాన్ని. బతిమాలి పిల్సుకోని పోయేవాడు. ఇప్పుడు 'పో, యాడికి పోతావో సూస్తా' అంటాండాడు. ఆడదానికి అలిగి పోను ఒక ఇల్లుండాల గదమ్మా!

అమ్మ చేట, దోసె పెనం పంపిస్తాండా. వంటిల్లు ఆగ్నేయంలోనే పెట్టించు.

మీ అత్త,
యశోదమ్మ

తా.క.: పెనం పగల్లేదు. నువ్వు పగలగొట్టాకు.

కుప్పం

అత్తకు నమస్కారాలు.

అయ్యో అత్తా, అది ఉండే ఇల్లు కాదు, బొమ్మ! నా నడుమెత్తు కూడా ఉండదు. నువ్వు పంపిన సుబ్బయ్య మేస్త్రి టేపు తీసి 'పునాది యాడమ్మా?' అన్నాడు. బల్ల చూపించా. టీ తాగి, టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

మమత

తా.క.: దయచేసి చుట్టాలను పిలవొద్దు.

పుంగనూరు

మమతకు దీవెనలు.

అందరినీ పిలిసేస్తిని. నడుమెత్తు లేసినాక ఆపేస్తారా యాడన్నా? అప్పటికి గోడలు ఇంకా లేస్తాయిలే. 'నాకు పుట్టిల్లు లేస్తాండాది' అని మీ మామ మొగం మీదే చెప్తిని. ఆ పొద్దు అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

అత్త

తా.క.: గృహప్రవేశానికి పుంగనూరు ఆవును మాట్లాడినా. పొట్టిది, నీ గుమ్మంలో పడతాదిలే.

కుప్పం

మదనపల్లె ప్రదర్శనలో ఉండే మమతకు అత్త దీవెనలు.

ఆవును వాచ్‌మన్ గేటు కాడే ఆపేసినాడు. నేను లోపలికొస్తిని. నువ్వెవరితోనో మాట్లాడతాంటివి. నీ ఇంటి తలుపు నా మోకాలి కాడికి లేదు. దీంట్లోకి యాడ అలిగి పోయేదని ఒళ్లు మండిపాయ. వంగి సూస్తే పెంకుల్లోంచి పొగ వాసన, అమ్మ వంటింటి వాసన. ఆడనే కూలబడి ఏడిస్తిని.

మీ మామ చుట్టాల ముందర నవ్వినాడు. 'ఇదేనా నీ పుట్టిల్లు? పిల్లి కూడా దూరదే!' అన్నాడు. ఇంగ ఒక్క నిమిషం నిలబడలేదు. బస్టాండుకు పోతే కాళ్లు కుప్పం బస్సే ఎక్కినాయి.

నీ ఇంటి బీగాలు మీ పక్కింటి ఇందిరమ్మ కాడ ఉండె. అడిగితే 'ఎవురమ్మా నువ్వు, ఎవురింటికి?' అనె. 'నా పుట్టింటికి' అంటిని. బీగాలు తెచ్చి నా చేతిలో పెట్టె. మా అన్న కూతురు ఉండే ఇల్లు నాకు పుట్టిల్లు గాక ఇంకేమమ్మా? ఇన్నాళ్లూ ఈ సంగతి తోచనే లేదు సూడు.

ఫోన్ ఆపేసినా. ఈ చీటీ బస్సు కండక్టరుతో పంపిస్తాండా.

నీ ఇంట్లోంచి,
మీ అత్త

తా.క.: మీ మామ ఆడనే తిరుగుతాంటాడు. అడిగితే నేనుండే తావు చెప్పు. అడగంగానే చెప్పాకు. కొంచేపు ఎతకనీ.