జ్వరం తగ్గిన అబ్బాయి

ఒరేయ్ సుధీర్,

నువ్వు పోయిన రోజు మళ్ళీ వచ్చింది. నిన్న డబ్లిన్‌లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్తే ప్రసాద్ అంకుల్ కనిపించాడు. ఏం మారలేదు. ఈ మహానుభావుడు చదివింది కంప్యూటర్లు, చేసేది వైద్యం. ఇండియా వెళ్ళినప్పుడల్లా సూట్‌కేసులో స్టెరాయిడ్ మాత్రలు ఇంకా మోసుకొస్తూనే ఉన్నాడు.

ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చిన లావణ్య అనే అమ్మాయి జ్వరంతో దగ్గుతోంది. అది చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. జేబులోంచి ఆ మాత్రల స్ట్రిప్ తీశాడు.

“ఫ్లూనేనమ్మా. ఇక్కడి డాక్టర్లు రెస్ట్ తీసుకో, నీళ్ళు తాగు అని పంపించేస్తారు. ఇది వేసుకో. స్వైన్ ఫ్లూ టైమ్‌లో ఒకబ్బాయికి ఇచ్చా, తెల్లారేసరికి జ్వరం ఎగిరిపోయింది!”

ఆ అబ్బాయివి నువ్వేరా. జ్వరం తగ్గిన మాట నిజమే. తగ్గిందని క్లాసుకి కూడా వెళ్ళావు. ఆ స్టెరాయిడ్ ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని అణిచేస్తే, వైరస్ మాత్రం లోపల తన పని తాను చేసుకుపోయింది. ఐసీయూలో డాక్టర్ ఆ మాత్రల పేరు విని, ఎవరిచ్చారని నన్ను రెండుసార్లు అడిగాడు. అప్పుడు అంకుల్ పూలగుత్తి పట్టుకుని బయటే నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పే కథలో ఐసీయూ ఉండదు. జ్వరం తగ్గగానే శుభం కార్డు పడిపోతుంది.

సొంత కూతురికి దగ్గొస్తే మాత్రం అదే రోజు డాక్టర్‌కి చూపించాడట. ఆంటీయే గొప్పగా చెప్పింది.

“ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడంకుల్?” అని లావణ్య అడిగింది.

అంకుల్ నా వైపు చూశాడు. ఉన్నట్టుండి ఆయనకి ఆకలేసింది, ప్లేటు పట్టుకుని పులిహోర దగ్గరికి వెళ్ళిపోయాడు.

నువ్వెక్కడున్నావో నేనే చెప్పాను.