నాకు చెప్పని మాట

జులై 7
నాలుగో తరగతి నవీన వారం నుంచి స్కూల్‌కు రావడం లేదు. మా మరిది ఓంప్రకాశ్ మా ఇంట్లో చెప్పే ట్యూషన్‌కూ రావడం లేదు. చెన్నూరులో వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తల్లి దేవవ్వ బీడీలు చుడుతోంది. "ఏమైందో చెప్తలేదు మేడం, అన్నం సుత తింటలేదు" అన్నది. నవీన మెడ దగ్గర కమిలిన మచ్చ. మేనమామ రాంచందర్ తాగి అరుగు మీద పడి ఉన్నాడు. వాడే ఏదో చేశాడనుకున్నాను.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేశాను.

జులై 8
పిల్లల రక్షణ విభాగం నుంచి కౌన్సెలర్ హుస్నా వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నది. ఏమీ అడగకుండా నవీనతో చింతగింజలాట ఆడింది. కాసేపటికి నవీన ఆమె చున్నీ కొస పట్టుకుంది. మొన్నటిదాకా బడిలో నా కొంగు వదలని పిల్ల!

జులై 9
చెప్పిందట. హుస్నాకు.

ఆస్పత్రిలో మీటింగ్. మఫ్టీలో ఎస్సై మమతారాణి, డాక్టర్, సంక్షేమ కమిటీ మెంబర్, హుస్నా. పిల్ల అదే బాధ అందరికీ మళ్లీ మళ్లీ చెప్పుకోవద్దని ఒక్కచోట కూర్చున్నారట. మంచిదే. కానీ ఫోన్ చేసింది నేను. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఏం చెప్పిందని అడిగితే హుస్నా, "ఇప్పుడు నేను చెప్పొద్దు మేడం, జర ఏమనుకోకుండ్రి" అన్నది.

ఆ మెత్తటి గొంతు వింటేనే ఒళ్లు మండింది.

జులై 10
నవీనకు బిస్కెట్లు ఇవ్వబోతే వెనక్కి జరిగింది. హుస్నాయే నేర్పి ఉంటుంది.

జులై 11, ఉదయం
పోలీసు జీపు మా ఇంటి ముందు ఆగింది. రాంచందర్ గురించి నన్ను అడగడానికేమో అనుకున్నాను. ఓంప్రకాశ్‌ను ఎక్కించారు.

సాయంత్రం
అత్తమ్మ నా చేతులు పట్టుకుంది. "నువ్వు చెప్తే దేవవ్వ ఇంటది బిడ్డా. కేసు వాపస్ తీస్కొమ్మను." మా ఆయన తల ఎత్తలేదు.

నవీన నాకెందుకు చెప్పలేదో తెలిసింది. నేను వాడి ఇంటి మనిషిని. హుస్నా ఎవరి మనిషీ కాదు.

తెలిసినా ఆమె మీద కుళ్లు తగ్గలేదు. ఇంకా పెరిగింది.

జులై 12
స్టేషన్‌కు పోయాను. ఓంప్రకాశ్ ట్యూషన్‌లో మిగతా పిల్లల్ని ముందే పంపించి నవీనను ఒక్కదాన్నే ఆపేవాడని, నేను చూసిందంతా స్టేట్‌మెంట్ ఇచ్చాను. నవీన బయట హుస్నా ఒడిలో నిద్రపోతోంది. నా ఒడిలో కాదు.

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు.

జులై 14
నవీన స్కూల్‌కు వచ్చింది. హాజరు పిలిచాను. "ప్రెజెంట్ మేడం" అన్నది, తలెత్తకుండా.

అదైనా హుస్నాకు కాదు, నాకు.