తోటికోడలి కొత్త తుంటి

అచ్చంపేట, 2007, సద్దుల బతుకమ్మ రాత్రి

మా తోటికోడలు సుగుణ ఇవాళ కుంటకుండా నడిచి వచ్చింది. నిరుడు పట్నం దవాఖానలో తుంటి కీలు మొత్తం మార్పించుకుంది. చేతిలో కర్ర కూడా లేదు. నాకు కడుపు మండిపోయింది, దాచడం దేనికి?

రక్తం అందక నా ఎడమ తుంటి ఎముక కూడా పాడైంది. డాక్టరు రెండు దారులు చెప్పాడు. కీలు మారిస్తే నొప్పి పోతుంది, కానీ ఇక నేల మీద కూర్చోకూడదు. ఎముకకు రంధ్రం వేసి రక్తం పారేలా చేస్తే నా కీలు నాకే ఉంటుంది, అది ఎన్నాళ్లు నిలుస్తుందో మాత్రం ఆయనకూ తెలియదు. ఎల్లుండి ఏదో ఒకటి చెప్పాలి.

మధ్యాహ్నం బతుకమ్మ పేర్చేటప్పుడు నేను కాలు చాపుకుని, పళ్లు బిగబట్టి అందరి మధ్య నేల మీదే కూర్చున్నాను. సుగుణ కుర్చీలో కూర్చుని పైనుంచి తంగేడు పూలు అందించింది.

"అక్కా, జర నేను గూడ ఒక వరస పెడ్త" అని వంగబోయి ఆగిపోయింది. వంగవద్దన్నారట.

"నీకేంది సుగుణా, మంచిగ నడుస్తున్నవ్" అన్నాను.

"నడుస్త గని కూసునేటట్టు లేదు గద. నీకేంది, నడిమిట్ల కూసున్నవ్."

ఆ గొంతులోని మంటను వెంటనే గుర్తుపట్టాను. పొద్దుటి నుంచి నాలో ఉన్నదే. ఎంత హాయిగా అనిపించిందో! ఇంకో వరస పేర్చాను, నెమ్మదిగా, ఆమె చూసేలా.

ఇప్పుడు లేవలేక పడుకునే రాస్తున్నాను. కీలు మార్పించుకుంటే నేనూ ఆమెలా నడుస్తాను. కానీ పక్కపక్కన రెండు కుర్చీలు వేస్తే, సుగుణ నన్ను మళ్లీ అలా చూడదు.