పౌడరు డబ్బా రేకు

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని ఎప్పటిలా రాయబోయి కలం ఆపాను. ఆ మాట సగమే నిజం. మిగతా సగం కింద రాస్తాను. చివరిదాకా చదువు తల్లీ.

ముందు నువ్వు అడిగినవి. సైకిల్ షాపు పైకప్పు కారడం ఆగింది, తారు పూయించాను. నానమ్మ నీ గది ఆక్రమించేసింది. "మనవరాలు వచ్చినప్పుడు చూద్దాంలే" అంటూ మంచం కిటికీ పక్కకి లాగించుకుంది. ఫ్యాక్టరీలో నిన్ను తనిఖీ విభాగంలో వేశారని చదివి నవ్వుకున్నాను. ఎదుటివాళ్ల పనిలో వంక పెట్టడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య. హాస్టల్ కిటికీ గడియ పడకపోతే సుత్తితో కొట్టకు. తలుపు కుంగి ఉంటుంది, పై బందు మరలు బిగించు.

ఇక ఆఖరి ప్రశ్న. "అమ్మ ఎందుకు రాయడం లేదు? నేనేం తప్పు చేశాను?" అన్నావు.

అమ్మ సైకిల్ మీంచి పడింది. నువ్వు వెళ్లిన పన్నెండో రోజున. కుడి మణికట్టు విరిగింది. కంగారు పడకు, ఎముక అతికింది, కట్టు కూడా విప్పేశారు. కుట్టుమిషను చక్రం తిప్పితే మాత్రం ఇంకా నొప్పే. నీకు చెప్పొద్దన్నది నేనే. పిల్ల కొత్త ఉద్యోగంలో బెంగపడుతుందన్నాను. అసలు కారణం అది కాదు.

నువ్వు బయలుదేరే ముందురోజు సాయంత్రం అమ్మ సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగితే, అది తీసి కొత్తది పెట్టబోయావు. దాని మెడ మొదట్లో కూర్చోవాల్సిన బేరింగు రింగు వదులుగా ఉంది. వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచావు. మెడ ఇరవై ఆరు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు, రింగు ఇరవై ఏడు. "నాన్నా, ఇది దీని జోడీ కాదు. సరైన బేరింగు సెట్టు వచ్చేదాకా బిగించకు" అని చెప్పి, అదే మాట చీటీ రాసి హ్యాండిలుకి కట్టి మరీ వెళ్లావు.

నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు కదా! ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడికి కూతురు చీటీ రాయడమా అనిపించింది. మర్నాడే ఆ చీటీ తీసేసి, పౌడరు డబ్బా రేకు సన్నగా కత్తిరించి మెడకి చుట్టి, రింగుని గొట్టంతో దిగ్గొట్టాను. నాలుగు రోజులు బాగానే తిరిగింది. తర్వాత రేకు నలిగింది. బ్రేకు పట్టినప్పుడల్లా టకటకమంటోందని అమ్మ చెబితే పై నట్టు బిగించాను. మళ్లీ వదులైంది, మళ్లీ బిగించాను. ఆఖరికి హ్యాండిలే బిగుసుకుపోయింది. మలుపులో తిరిగింది తిరిగినట్టే ఉండిపోయింది. అమ్మ వెళ్లి గోడకి గుద్దుకుని పడింది.

ఇంతవరకూ తెలివితక్కువతనం. ఆ తర్వాత చేసింది నీచం.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ, "ప్రయాణం హడావుడిలో ఎలా పడితే అలా బిగించిపోయింది మీ ముద్దుల కూతురు. కన్నతల్లి ఎక్కే బండి అని కూడా చూడలేదు" అంది. నీ చీటీ సంగతి తనకి తెలియదు. నేను కాదనలేదు. పైగా "పోనీలే, చిన్నపిల్ల" అని నిన్ను క్షమించేశాను కూడా. కట్టు విప్పాక కూడా అమ్మ నీకు రాయకపోవడానికి కారణం చెయ్యి కాదు, నేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నువ్వు చెప్పిన సెట్టే తెప్పించి బిగించాను. ఇప్పుడు ముందు చక్రం పైకెత్తితే హ్యాండిలు ఎక్కడా పట్టకుండా దానంతటదే పక్కకి వాలుతోంది, అలాగే ఉండాలి. అమ్మ ఆ సైకిల్ వంక చూడటం లేదు. చెప్పేద్దామని మూడుసార్లు వంటింట్లోకి వెళ్లి, మూడుసార్లూ మంచినీళ్లు తాగి వచ్చాను. తిడుతుందని భయం కాదు. ఇన్నాళ్లూ నిన్ను అనవసరంగా తిట్టుకున్నందుకు ఏడుస్తుందని.

నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే కవరు అంటించకుండా దీన్ని అమ్మ చేతికే ఇస్తాను, "చదివి నువ్వే పోస్టు చెయ్యి" అని. ఈ ఉత్తరం నీకు చేరిందంటే, అమ్మకి అంతా తెలిసిపోయినట్టే.

ఇట్లు,
తన తప్పు నీ నెత్తిన రుద్దిన
నాన్న