ఇది మా ఇంటి బొద్దింక కాదు

బంగారంలాంటి మా అక్కకి,

ముందే చెప్తున్నాను, ఏడవకు. నేను మందు మానేశాను. సోమవారం పొద్దున మానేశాను, ఇక ఈ జన్మలో ముట్టను. ఎందుకని ఇప్పుడే అడగకు. రాస్తే ఈ కాగితం అంటుకుంటుంది, అంత మంటగా ఉంది నాకు. నువ్వు పాపకి సూది వేయించడానికి వెళ్ళినప్పుడు చూసి బట్టలసంచీ తీసుకుని వచ్చేశాను. వంతెన అవతల ఒక గది దొరికింది. కిటికీ ఉంది, కుళాయి ఉంది, తిండికి లోటు లేదు. నీతో చెప్పకుండా గడప దాటాను కాబట్టి తిట్టే హక్కు నీకుంది. కడుపునిండా తిట్టు. కానీ తిరిగి రమ్మని మాత్రం అడగొద్దు. అమ్మ పోయాక నాకు తల దువ్విన చేతులు నీవి. నీ మాటకి ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను. రాను.

పాపకి పన్ను వచ్చిందా?

నీ మిరపకాయ


అక్కా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి గోడకేసి తల బాదుకున్నాను. “ఎప్పుడు మొదలెట్టావురా దరిద్రుడా? మన ఇంటావంటా లేదు కదరా ఈ అలవాటు! మానేశావు, సంతోషమే. అసలు ఎవడురా నేర్పింది?” అని నాలుగు పేజీలు! నేను మానేసింది తాగే మందు కాదు. కొట్టే మందు. ఛ, అలా రాసినా తాగుడే అవుతుంది. బొద్దింకల మందు తల్లీ, పిచికారీ, బావ దగ్గర పని! జ్వరానికి మింగేదీ మందే, పురుగుని చంపేదీ మందే, మనిషిని కాలవలో పడేసేదీ మందే. మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టిన మహానుభావుడెవడో నాకు దొరకాలి. బావ ఒక్క మాట చెప్పి ఉంటే నీకీ దిగులు ఉండేది కాదు. ఆయన నోరు విప్పలేదని రాశావు. ఎలా విప్పుతాడు?

విను మరి. పాత మేడ కింది వాటాలో ఒకావిడ ఉంటుంది. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది ఇప్పుడు ఇంటిపట్టున ఉంటోంది. ఆవిడ వంటింట్లో బొద్దింకలని కబురొస్తే, వీపున డబ్బా, ముక్కుకి గుడ్డ, వెళ్ళి తుస్సుతుస్సుమని కొట్టి వచ్చాను. మర్నాడు చూసి రమ్మన్నాడు బావ. చూసి రావడమంటే మా పనిలో అర్థం వేరు. నాలుగేళ్ళ కిందట, నేను చేరిన వారానికే, బావ నాకొక అగ్గిపెట్టె ఇచ్చాడు. దాన్నిండా చచ్చిన బొద్దింకలు. సింకు కిందకి వంగి, నాలుగు అక్కడ రాల్చి, “చూశారా అమ్మా, ఎలా పడ్డాయో!” అనాలి. చచ్చింది కంటపడితే గాని గిరాకీకి తృప్తి ఉండదట. అయిపోయినప్పుడల్లా బావే మళ్ళీ నింపి ఇచ్చేవాడు. నేనూ సిగ్గులేకుండా రాల్చేవాణ్ణి.

ఆవిడింట్లోనూ రాల్చాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కాగితం ముక్కతో ఒకదాన్ని ఎత్తి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది మా ఇంటి బొద్దింక కాదు.”

“బొద్దింకలకి ఇంటిపేర్లుంటాయా అమ్మా?” అన్నాను వెకిలిగా నవ్వి.

“మావి చిన్నవి. లేత గోధుమరంగు, మెడ మీద రెండు నల్లగీతలు, ఫ్రిజ్ మోటారు వెనక కాపురం. ఇది మురిక్కాలవలో తిరిగే పెద్దది. అచ్చుతప్పు, అబ్బాయ్! ఎక్కడి అక్షరమో తెచ్చి ఇక్కడ పెట్టావు. జేబులో ఇంకెన్ని ఉన్నాయి?”

తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు. “ఆ డబ్బా వీధిలో పెట్టి, చేతులు కడుక్కుని రా. ముందు చదువు, తర్వాత దిద్దు” అని నా చేతికి టార్చిలైటు ఇచ్చింది. నేను చదువుకున్నది మందు డ్రమ్ముల మీది అట్టలు, పొట్లాల కాగితాలు. నన్ను పట్టుకుని చదవమన్న మొదటి మనిషి ఆవిడ. అదీ ఒక వంటిల్లు!

మోకాళ్ళ మీద పాకుతూ చదివాను. సింకు కింద గొట్టం చుట్టూ వేలు దూరేంత కన్నం. చుక్కచుక్కగా కారే కుళాయి. పొయ్యి వెనక జిడ్డు. ఫ్రిజ్ పక్కన దొంతరగా పాత అట్టపెట్టెలు, వాటి మడతల్లో గుడ్లు. తిండి లేకుండా బొద్దింక వారాలు బతుకుతుందట గాని నీళ్ళు లేకపోతే అన్నాళ్ళు బతకదట. కుళాయికి కొత్త వాషరు వేశాను. కన్నం సిమెంటుతో పూడ్చాను. అట్టపెట్టెలు పారేశాను. గాజు సీసాలో రొట్టెముక్క వేసి, మెడ లోపల నూనె పూసి పెట్టాం. దూరినవి దూరినట్టే, జారి పైకి రాలేవు. మొదటి వారం నలభై ఒకటి పడ్డాయి, రెండో వారం తొమ్మిది. మూడో వారం రెండు పడితే ఆవిడ “ఇక ముగింపు వాక్యమే” అంది. అన్నీ చిన్నవే, మెడ మీద రెండు గీతలవి.

వరండాలో ఆవిడకి చిక్కుడు కుండీలున్నాయి. ఆకుల కింద పేనుబంక పడితే పలచటి సబ్బునీళ్ళతో కడగమంది. కడుగుతూ, నల్లగా ముళ్ళముళ్ళుగా ఉన్న పురుగొకటి కనిపిస్తే వేలితో నలిపేశాను. “అది అక్షింతల పురుగు పిల్లరా! నీ తరఫున పేనుబంకని తినే కూలీని చంపావు” అంది. మొదటిసారి ‘రా’ అంది. ఎందుకో బాగుంది.

అగ్గిపెట్టె సంగతి బయటపడిన ఆ సోమవారమే నేను బావ దగ్గరికి వెళ్ళి, ఆయన మందు కొడుతున్న గోదాము వాకిట్లో నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిట్టి, దాన్ని ఆయన ముఖాన కొట్టాను. ఆయన వంగి, రాలినవి ఏరుకున్నాడు. ఇప్పుడు నేను టార్చీ, సిమెంటు పొట్లం, సీసాలు పట్టుకుని ఇళ్ళకి వెళ్తున్నాను. “చచ్చినవేవయ్యా?” అంటారు జనం. “చావలేదమ్మా, రావడం మానేశాయి” అంటాను. సగంమంది నమ్మరు. మిగతా సగం మళ్ళీ పిలుస్తారు.

నా ఉత్తరాల్లో ఒత్తులు ఆవిడే దిద్దుతుంది. ఇది మాత్రం చూపించను.

నీ మిరపకాయ


అక్కా,

పాప పాకుతోందని రాశావు. చదివి గది మధ్యలో గంతేశాను. కింది వరుస చదివి కూలబడ్డాను. “నిన్న వెనకగది గడప దాకా పోయింది, దొంగముండ” అని నవ్వుతూ రాశావు. నీకు నవ్వెలా వచ్చిందే?

వెనకగదిలో ఏమున్నాయి? తొమ్మిది నీలం డ్రమ్ములు. వాటి అట్టల మీద పుర్రెబొమ్మ ఉంటుంది. డ్రమ్ములు బండి దిగినప్పుడల్లా వాకిట్లో నిలబడి నేను అక్షరాలు దిద్దుకున్న అట్టలవి, ఒక్కొక్క ముక్కా నాకు కంఠతా వచ్చు. నేల మీద ఒలికిన చుక్క ఆరిపోతుంది గాని పోదు. పాకే పిల్ల నేలంతా అరచేత్తో తుడుస్తుంది. ఆ అరచెయ్యి తిన్నగా నోట్లోకి పోతుంది. నేను ఇల్లు వదిలింది అగ్గిపెట్టె ఒక్కదాని కోసమే కాదు. ఆ గది తలుపు పక్కన నీ బిడ్డ ఉయ్యాల చూస్తూ నోరు మూసుకుని పడుకోవడం నా వల్ల కాలేదు.

ఇంకోటి కూడా కక్కేస్తాను. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా బావ నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. తలుపేసుకుని తనే కలిపి, నా డబ్బా తనే నింపి, మూత బిగించి ఇచ్చేవాడు. సొంత బామ్మర్దిని దొంగని చూసినట్టు చూశాడు. ఆ విషం మోసి మోసి నాకు రోజూ తలనొప్పి. నీతో చెప్పలేదు, ఏడుస్తావని.

డ్రమ్ములు ఉంటాయా, పిల్ల ఉంటుందా, బావనే అడుగు. ఆయన చెప్పకపోతే పాపని ఎత్తుకుని నా గదికి వచ్చెయ్. మంచం మీకు, నేల నాకు.

మిరపకాయ


బావా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. అక్క ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి మెట్ల మీదకి పోయి ఒక్కణ్ణే కూర్చున్నాను.

నాలుగేళ్ళూ నా డబ్బాలో ఉన్నది సబ్బునీళ్ళా? పైన వాసన కోసం నాలుగు చుక్కల ఫినాయిలా? మరి నా తలనొప్పో? ఫినాయిలు వాసన నాకు పడదట, చిన్నప్పటి నుంచీ పడదట, అక్క రాసింది. నేను పనికి వస్తానని మంకుపట్టు పట్టిన రోజున, నా ఊపిరిలోకి ఒక్క చుక్క పోకూడదని నీ చేత ఒట్టు వేయించుకుందట. పని ఇవ్వకపోతే నేను ఊరుకోను, ఇస్తే ఆమె ఊరుకోదు. మధ్యలో నువ్వు నలిగావు. తలుపేసుకున్నది అందుకని. నేనేమో దొంగననుకుంటున్నావని పళ్ళు కొరుకుతూ తిరిగాను.

నా సబ్బునీళ్ళకి గోడ సందుల్లోది చావదు, చావకపోతే గిరాకీ నన్ను బతకనివ్వదు. అందుకని నువ్వు కొట్టినచోట చచ్చినవి ఏరి నా జేబులో పోశావు. నువ్వు కొట్టేవి కాలవలూ గోదాములూ. పెద్దవెందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. ప్రూఫులావిడకి చదివి వినిపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “తప్పు పట్టుకున్నాను గాని, ఎందుకు పడిందో చదవలేదురా” అంది.

మోసం మాత్రం మోసమే బావా. దాన్ని మెత్తగా రాయడం నాకు చేతకాదు. నేను అగ్గిపెట్టె విప్పిన ప్రతి ఇంటికీ వెళ్ళి, ఉన్నది చెప్పి, కన్నాలు పూడ్చి వస్తాను. ఇవాళ పొద్దున రెండిళ్ళకి వెళ్ళాను. ఒకావిడ చీపురు తిరగేసింది. ఒకాయన మాత్రం “పోనీలే, మా పిల్లి బతికిపోయింది” అన్నాడు.

నా వంతుకి రావలసిన కాలవల్లో, గోదాముల్లో అసలు మందు డబ్బా కూడా నువ్వే మోశావట. నీ ముక్కు పనిచెయ్యక ఏడాదిన్నర అయిందట, పాలు మాడినా తెలియడం లేదట. పాపకి నీళ్ళుపోసి నీ ఒళ్ళో పెడితే, దాని తల మీద ముక్కు ఆనించి, “ఎలా ఉంటుందే వాసన?” అని అక్కని అడిగావట. మూడోసారి చదివినప్పుడు అక్కడితో ఉత్తరం మడిచేశాను. మిగతాది తెల్లారాక చదివాను.

వాకిట్లో నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతకంటే రాస్తే ఇద్దరికీ సిగ్గు. నా ఛాతీ గట్టిగా ఉంది, చెయ్యి వణకదు, మెట్లెక్కితే ఆయాసం రాదు. ఇదంతా నువ్వు పెట్టిన భిక్ష. ఎంత కోపంలోనైనా ఇక మరిచిపోను.

నా ఉత్తరం చూసిన రోజే డ్రమ్ములన్నీ బండికెత్తి, కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేశావట. అరుగు మీద కూర్చుని “ఇంక నాకేం పని చేతనవుతుందే” అంటున్నావట. చాలా చేతనవుతుంది. కాలవలు నీకు తెలిసినంత ఎవరికీ తెలియవు, ఏ పురుగు ఎటునుంచి వస్తుందో నీకు తెలుసు. చంపడం ఒక్కటి మానేస్తే చాలు. కన్నం నువ్వు చూపించు, నేను పూడుస్తాను. కాకపోతే నాలుగు రోజులు నేను చెప్పినట్టు వినాలి. నేనంటే కోపిష్టివాణ్ణి, తెలుసుగా. ముందు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. వద్దంటే ఈడ్చుకెళ్తాను.

ఆదివారం ఇంటికి వస్తున్నాను, సంచీతో సహా. ఈలోగా ఆ గది తలుపు తియ్యొద్దు. ఆ గచ్చు మనిద్దరం చేతులకి తొడుగులు వేసుకుని పెళ్ళగిద్దాం, కొత్తగా సిమెంటు పోద్దాం. ఆరాక పాపని వెంటనే దించేయకు. ముందు నేను బోర్లా పడుకుని మూలమూలా వాసన చూస్తాను. ఈ ముక్కు నువ్వు కాపాడిందే. ఇక నుంచి ఇద్దరం వాడుకుందాం.

నీ బామ్మర్ది,
మిరపకాయ