పదిహేడో నంబరు పుర్రె

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నీ మరదలి మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, నోరూ ఎప్పటిలాగే ఉంది. నువ్వూ, శుక్లం తీసిన నీ కన్నూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆ కంటికి శ్రమ కలగకూడదని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కాగితాలు ఎక్కువయ్యాయంటే నా వాగుడొక్కటే కారణం అనుకోకు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది నీ ముక్కు గురించి. పాలు మాడి గిన్నె అడుగు నల్లబడినా వాసన తెలియలేదని, ఇది వయసేనా, ఇంకేమైనానా అని అడిగావు. జంతువుల మెదళ్ల మీద ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదానివి, పుర్రెల్లో రబ్బరు పోసి మెదడు అచ్చులు తీసుకుంటూ బతికిన నన్నా అడగడం! వయసు మీదపడితే ముక్కు మందగించడం మామూలేనని ఇక్కడి డాక్టరు అన్నాడు. అయినా ఒకసారి చూపించుకో. అసలే మనుషుల ముక్కు అంతంతమాత్రం. కుక్క పుర్రెలో పోసిన అచ్చుకి ముందువైపు వాసన పసిగట్టే మెదడు బుడిపెలు రెండూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మనిషి అచ్చులో వాటిని వెతుక్కోవాలి. పొయ్యి మీద ఏదైనా పెట్టినప్పుడు మాత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చో. చేతిలోకి పుస్తకం తీసుకోకు.

రెండోది మన మ్యూజియం వెనక గది గురించి. గది అలాగే ఉంది, పని మారిపోయింది. సింకు, పొడుగు బల్ల, అరల్లో ట్రేలు అన్నీ ఉన్నాయి. రబ్బరు డబ్బాలు తీసేశారు. ఇప్పుడు పుర్రెని ఒక యంత్రంలో పెడతారు. అది లోపలంతా పొరలు పొరలుగా ఫోటోలు తీసి తెర మీద మెదడు ఆకారం చూపిస్తుంది. ఏ ట్రే ఎక్కడుందో చెప్పడానికి, రిటైరయినా నన్ను వారానికి రెండు రోజులు రమ్మంటున్నారు. యంత్రం నడిపే అమ్మాయి నన్ను బాబాయిగారూ అంటుంది, నా కాఫీ కూడా తనే తెచ్చిపెడుతుంది.

నువ్వు నన్ను ఆ గదిలో చేర్పించినప్పుడు నాకు పుర్రెకీ కొబ్బరిచిప్పకీ తేడా తెలియదు. వెన్నుపాము వెళ్లే రంధ్రంలోంచి రబ్బరు పాలు పోసి, పుర్రెని అటూ ఇటూ తిప్పి, ఆరాక మళ్లీ పోసి, చివరికి ఆ తొడుగుని లోపలే ముడుచుకునేలా చేసి అదే రంధ్రంలోంచి నెమ్మదిగా లాగడం నువ్వే నేర్పావు. బయటికి రాగానే అది మళ్లీ మెదడు ఆకారంలోకి విచ్చుకునేది. చేపలవీ కప్పలవీ ఎందుకు తీయించవని ఒకసారి అడిగాను. "వాటికి గది పెద్దది, మెదడు చిన్నది. అచ్చు తీస్తే గది ఆకారమే వస్తుంది. పక్షులకీ పాలిచ్చే జంతువులకీ మెదడు గోడలకి ఆనుకుని పెరుగుతుందిరా. వాటి అచ్చు అబద్ధం చెప్పదు" అన్నావు. ఏ జంతువు దేన్ని నమ్ముకుని బతికిందో ఆ భాగమే ఉబ్బి ఉంటుందని చెప్పి, డేగకి చూపు భాగం, గబ్బిలానికి వినికిడి భాగం వేలు పెట్టి చూపించావు. డాల్ఫిన్‌కి వాసన బుడిపెలే లేవంటే, నీళ్లలో కాపురం పెట్టాక ముక్కు గదికి తాళం వేసుకుందా అన్నాను. నువ్వు బల్ల పట్టుకుని నవ్వావు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు సంతోషం కలగడం లేదక్కా. ఎందుకో చెబుతాను.

నువ్వడిగిన మూడోది మ్యూజియంలో నీతోపాటు పనిచేసిన సోడాబుడ్డిగారి గురించి. ఆ లావు కళ్లద్దాలకి మనం పెట్టిన పేరుతోనే రాస్తున్నాను, ఇప్పుడు పోయినవాడైనా వేరే పేరుతో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. ఆయన జ్ఞాపకార్థం వేసే చిన్న పుస్తకానికి నిన్ను ఒక పేజీ అడిగారని రాశావు. "మంచివాడే, కానీ పదిహేడో నంబరు విషయంలో చివరిదాకా తన తప్పు ఒప్పుకోలేదు. పోయినవాడి మీద ఆ మాట రాయొచ్చా? రాయకపోతే పేజీ అంతా ముఖస్తుతి అవుతుంది. నువ్వేమంటావు?" అని అడిగావు. ఆ పేజీ ఇంకా పంపలేదు కదా? ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకూ పంపకు.

పాలిచ్చే జంతువుల మెదడు పెరగడం ముక్కుతోనే మొదలైందని నీ వాదం. పగలంతా రాక్షసిబల్లులు తిరుగుతుంటే, చీకట్లో బతికిన ఆ చిన్న ప్రాణులకి వాసనే దారి చూపించిందన్నావు. ఆయన దాన్ని ఎప్పుడూ కాదనలేదు. కాదన్నది పదిహేడో నంబరు ఒక్కదాన్నే. అది రాతిలోంచి తీసిన పుర్రె, బొటనవేలంత. మ్యూజియంలో అలాంటిది అదొక్కటే. దాని వాసన బుడిపెలు అంతే సైజున్న మిగతా జంతువులవాటికి రెండింతలున్నాయని నువ్వు కొలిచావు. అంత ఇరుకు ఎముకల మధ్య అంత పెద్ద బుడిపెలు ఎలా పట్టాయని ఆయన అడిగాడు. మళ్లీ అచ్చు తీయించమన్నాడు. రెండోసారి పోస్తే పుర్రె పగిలిపోతుందని అడ్డుపడింది నేనే. మీటింగులో నువ్వు లేచి నిలబడి, "నా కొలతని అనుమానించండి, పడతాను. మా తమ్ముడి చేతిని అనుమానించే మనిషితో నాకు మాటల్లేవు" అన్నావు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ నెలాఖరుకి వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. అప్పటికి అమ్మ మీ ఇద్దరి పెళ్లి ఖాయమనే అనుకుంటోంది. నేనైతే చాటుగా ఆయన్ని బావా అని పిలవడం కూడా మొదలుపెట్టాను. తర్వాత నువ్వు ఇంకెవరి మాటా ఎత్తనివ్వలేదు.

పోయిన మంగళవారం ఆ అమ్మాయి పదిహేడో పుర్రెని యంత్రంలో పెట్టింది.

"బాబాయిగారూ, ఒకసారి ఇటు రండి. ఈ ముందు మూలల్లో ఏదో ఇరుక్కుని ఉంది. రబ్బరులా ఉందేంటండీ?"

తెర మీద రెండు చిన్న ముక్కలు కనిపించాయి.

అవి అసలు బుడిపెలు, అక్కా. నేను లాగుతుంటే తెగి లోపలే ఉండిపోయాయి. చీటీ మీద "ముందు భాగం తెగింది" అని రాస్తే సరిపోయేది. అలాంటి చీటీలు ఆ గదిలో బోలెడున్నాయి, నేను రాసింది మాత్రం ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లందరితో "మావాడి చేతిలో అచ్చు తెగడమన్నది లేదు" అని నువ్వు గొప్పగా చెప్పేదానివి. ఆ పేరు పోగొట్టుకోలేకపోయాను. పారేయడానికి పక్కన పెట్టిన వేరే జంతువు అచ్చుకి ఉన్న బుడిపెలు కోసి, తెచ్చి దీనికి అతికించాను. అతుకు కనపడకుండా పైన ఇంకో పూత పూశాను. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. రెండు వారాల తర్వాత నువ్వు దాన్ని నీళ్లలో ముంచి కొలిచి, చిన్నపిల్లలా గంతులేసి, నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశావు. అప్పుడైనా చెప్పాల్సింది. నీ మొహంలో ఆ వెలుగు చూశాక నాకు ధైర్యం చాలలేదు.

యంత్రం పట్టుకోకపోతే ఇప్పుడైనా రాసేవాడివా అని అడుగుతావు. రాసేవాడిని కాదేమో. సిగ్గుగా ఉందక్కా.

లోపల ఉండిపోయిన ముక్కల్ని ఆ అమ్మాయి కొలిచింది. ఆయన అనుమానించినట్టే, నువ్వు కొలిచినదాంట్లో సగమే ఉన్నాయి. ఇంకో మాట కూడా చెప్పింది, అది విన్నప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు. తర్వాతి ఏళ్లలో వేరే చోట్ల దొరికిన పుర్రెల్ని వేరేవాళ్లు చూశారట. ముక్కుతోనే మొదలైందన్న నీ వాదం నిలబడిందట. పదిహేడో నంబరు లేకపోయినా అది నిలబడేదే. అంటే నేను చేసిన అతుకు నీకు ఎందుకూ పనికిరాలేదు, ఆయన్ని నీకు దూరం చేయడానికి తప్ప.

రాయాల్సిన చీటీ నిన్న రాశాను. ఏం తెగిందో, నేను ఏం అతికించానో, ఎన్నేళ్లు దాచానో అంతా రాసి సంతకం పెట్టి ఆ అమ్మాయికిచ్చాను. పుర్రె గురించి ఏం అచ్చువేసినా ఆ చీటీని నా పేరుతోనే వేస్తానంది. నీకు ఇందులో ఏమీ తెలియదని రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆయన మీద నువ్వు ఏం రాయాలో చెప్పే అర్హత నాకు లేదు. తప్పు ఒప్పుకోలేదన్న ఆ ఒక్క వాక్యం మాత్రం కొట్టెయ్. నన్ను తిట్టాలనుంటే కడుపులో పెట్టుకోకుండా తిట్టు, పడతాను.

ఇంకొక్కటి మిగిలింది. ఇది దాచుకుని ఉత్తరం ముగిద్దామనే అనుకున్నాను, చేతకాలేదు. ఆయనకి తెలుసక్కా. మీటింగుకి ముందురోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, అచ్చుని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అతుకు తడిమాడు. తర్వాత, "నేను చెబితే మీ అక్క జన్మలో నిన్ను నమ్మదు. నువ్వే చెబితే రెండు రోజులు తిట్టి ఊరుకుంటుంది. నువ్వే చెప్పు" అన్నాడు. ఈ రాత్రికే చెబుతానన్నాను. అందుకే మర్నాడు మీటింగులో ఆయన మళ్లీ అచ్చు తీయించమని అడిగాడు తప్ప, అతుకు మాట ఎత్తలేదు. నువ్వు అంత మాట అన్నప్పుడు ఆయన నీ వైపు చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకున్న
తమ్ముడు